హన్మకొండ నుంచి మూణ్నెల్ల సాహిత్య పత్రిక: బైండింగు, ఫాంట్లు, రిజిస్ట్రేషన్

ఓరుగల్లు పాఠకుడు:
కథలు, కవిత్వం, పుస్తక పరిచయాలతోటి పత్రిక తెద్దామనుకుంటున్నం. మామూలు పాఠకుల కోసమే. 1/8 డెమీ (మామూలు పుస్తకం సైజు), 64 పేజీలు, 300 కాపీలు. డీటీపీ ఆయన అనులో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) చేస్తనంటున్నడు, మాకేమో నెట్ల గూడ పెట్టాలని ఉన్నది. పిన్ను కొట్టియ్యాల్నా, పర్ఫెక్ట్ బైండింగా (వీపుకు గమ్ము పెట్టి అంటించుడు)? రిజిస్ట్రేషన్ ఎట్ల?

పదహారు పేజీల ఫారం:
ఒక ఫారంల 16 పేజీలు, 64 అంటే సరిగ్గా 4 ఫారాలు. 66 అయిందంటే రెండు పేజీల కోసం ఖర్చు పెరుగుతది, మ్యాటర్ కోసి అయినా 64కే ఆపుండ్రి. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మాప్‌లితో కాగితం, అట్టకు 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, నడుమ రెండు పిన్నులు చాలు. పర్ఫెక్ట్ బైండింగుకు వీపు 3 మి.మీ. కూడా సరిగ రాదు, గమ్ము పట్టక పేజీలు ఊడుతయి. పిన్ను కొడితే నడిమి పేజీలు బయటికి జరిగి కటింగ్‌ల మార్జిన్ తగ్గుతది, పేజీ నంబర్లు అంచుకు 10 మి.మీ. లోపలనే ఉంచుండ్రి. ఆఫ్‌సెట్‌ల ప్లేట్ల ఖర్చు 300కైనా 1000కైనా ఒక్కటే, అందుకని డిజిటల్ ప్రింటింగ్ రేటు గూడ అడుగుండ్రి.

వత్తులు పొల్లులు:
అనులో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, వెతికితే దొరకదు. రచనలన్నీ యూనికోడ్‌లో (ఫోన్లో, నెట్లో కనిపించే తెలుగు) తీసుకుని, రెండు ప్రూఫులు అందులోనే పూర్తిచేసి, చివర్లో ఒక్కసారే అనులోకి మార్పించండి. మారాక క్ష, ర వత్తు, అంకెలు, కొటేషన్ గుర్తులు మళ్లీ చూడాలి. పేజీలో దిద్దిన ప్రతి తప్పునూ యూనికోడ్ ఫైల్లోనూ దిద్దాలి, లేకుంటే నెట్లో పాత తప్పులే కనిపిస్తాయి. అసలు అను వదిలేసి, ఇన్‌డిజైన్‌లో (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) తెలుగు వత్తులు సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకుని మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంటు వాడటమే నయం. 12 పాయింట్ల అక్షరానికి 18 లీడింగ్ (వరుసల మధ్య దూరం) ఇవ్వండి, తక్కువైతే పై వరుస వత్తులు కింది గుడులకు తగులుతాయి.

డిక్లరేషన్:
పత్రికల రిజిస్ట్రేషన్‌కు ఉన్న 1867 చట్టం పోయింది. 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం కింద ప్రెస్ సేవా పోర్టల్‌లోనే పేరుకూ రిజిస్ట్రేషన్‌కూ కలిపి దరఖాస్తు. తెలుగులో ఎక్కడున్నా, మన రాష్ట్రంలో ఏ భాషలో ఉన్నా అదే పేరు మళ్లీ ఇవ్వరు. ఒక్క పేరు మీదే ఆశ పెట్టుకోకండి. పత్రికలకిచ్చే పోస్టు రాయితీ మాత్రం వేరే సంగతి. పాత పోస్టాఫీసు చట్టంలో సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులు మించని పత్రికలకే అది ఉండేది, మూణ్నెల్ల పత్రికకు అందేది కాదు. ఇప్పుడు ఆ చట్టమూ మారింది కాబట్టి పోస్టల్ డివిజన్ ఆఫీసులో అడిగాకే చందా రేటు ప్రకటించండి.

ఓరుగల్లు పాఠకుడు:
మంచిది. ప్రూఫును ఆ రచన రాసినాయనకే పంపితే నడుస్తదా?

వత్తులు పొల్లులు:
ఆయనొక్కడే అయితే చాలదు. తను రాద్దామనుకున్నదే చదువుకుంటాడు, పడ్డ తప్పు కనబడదు. ఇంకొకరు చూడాలి, కానీ ఆ మనిషికి ముందే చెప్పండి: సంభాషణలో ‘వచ్చిండు’ను ‘వచ్చాడు’ చేయొద్దని. మన కథల్లో ఎక్కువ పాడయ్యేది అక్కడే.