అప్‌డేట్: మొదటి విదేశీ ప్రయాణానికి సామాను సర్దుకోవడం గురించి

మొదటిసారి విదేశానికి వెళ్లేటప్పుడు ఏ వస్తువులు చెకిన్ పెట్టెలో (విమాన సంస్థకు అప్పగించే పెట్టెలో) వేయాలి, ఏవి చేతి సంచిలో ఉంచుకోవాలి అని నేను అడిగిన ప్రశ్నకు ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ప్రయాణం పూర్తయింది కనుక, ఏ సలహా ఎలా ఉపయోగపడిందో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అన్నిటికంటే మేలు చేసింది పవర్ బ్యాంకు గురించిన సలహా. లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే సామాను ఉంచే చోట ఎవరూ వెంటనే ఆర్పలేరు కాబట్టి దాన్ని చెకిన్ పెట్టెలో వేయనివ్వరు; చేతి సంచిలోనైనా, ముందస్తు అనుమతి లేకుండా సాధారణంగా 100 వాట్ అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలత) వరకే తీసుకెళ్లవచ్చు. నా పవర్ బ్యాంకు వెనుక సన్నని అక్షరాల్లో 20,000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు అని ఉంది; ఆ రెంటినీ గుణించి 1000తో భాగిస్తే 74 వాట్ అవర్లు వచ్చాయి. తనిఖీ దగ్గర అధికారి చూసింది కూడా ఆ అక్షరాలనే, కాబట్టి అవి చెరిగిపోయినదాన్ని తీసుకెళ్లకపోవడమే మంచిది.

మందులను వాటి అసలు అట్టల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకున్నాను. పెట్టె ఆలస్యంగా చేరినప్పుడు ఆ మందులు, ఒక జత బట్టలే నన్ను ఆదుకున్నాయి. చేతి సంచిలోని ద్రవాల విషయంలో లెక్క సీసా పరిమాణానిదే కాబట్టి, 100 మి.లీ. పరిమితి ఉన్నచోట సగం ఖాళీ అయిన 150 మి.లీ. సీసాను కూడా అనుమతించరు.

అడాప్టర్ గురించి మాత్రం ఒక మాట చేర్చాలి: అది మన ప్లగ్గును అక్కడి సాకెట్టుకు సరిపోయేలా చేస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. ఛార్జరు మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే ఇబ్బంది లేదు; 220–240 అని మాత్రమే ఉన్న హెయిర్ డ్రయ్యర్‌ను 120 వోల్టుల దేశానికి మోసుకెళ్లడం వృథా.