ఒగ్గుకథ డీవీడీలు 300 వేయించాలి, మాస్టర్ (కాపీలకు మూల ప్రతి) ఎలా తయారు చేయాలి?

నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా నాన్న ఒగ్గు కళాకారుడు. ఆయన చెప్పిన బీరప్ప కథ రెండున్నర గంటలు రికార్డు చేశాం. తోటి కళాకారులకు, చుట్టాలకు 300 డీవీడీలు పంచాలని ఉంది. మా పెద్దవాళ్లకు టీవీ కింద ప్లేయర్‌లో డిస్కు వేసుకోవడమే అలవాటు.

ముందు ఒక షాపులో 20 వేయించాను. పైన అంటించిన కాగితం స్టిక్కర్ అంచు లేచి ప్లేయర్‌లో గరగరమంటోంది. సగం డిస్కులు కథ మధ్యలోనే ఆగిపోయాయి. నాన్న ఏమీ అనలేదు, రిమోట్ పక్కన పెట్టి లేచి వెళ్లారు. అది చూసి చాలా బాధేసింది.

4.7 జీబీ డిస్కులో పట్టించాలంటే బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) 4 మెగాబిట్లకు దించాలి. అప్పుడు డోలు కొడుతూ గిర్రున తిరిగే చోట బొమ్మ గడులుగడులుగా పగులుతోంది. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డిస్కు పాత ప్లేయర్లలో ఆడుతుందా, లేక రెండు డిస్కులు చేయడమే మేలా?

300 కాపీలకు బర్న్ చేయిస్తే (ఒక్కో డిస్కు మీద లేజర్‌తో రాయిస్తే) సరిపోతుందా, స్టాంపర్‌తో (లోహపు అచ్చుతో) ప్రెస్ చేయించాలా? మాస్టర్‌గా ఐఎస్ఓ ఫైల్ (డిస్కు మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే నకలు) ఇస్తే సరిపోతుందా? స్టిక్కర్ మాత్రం వద్దు, డిస్కు మీదే ప్రింట్ కావాలి. డిజైన్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల్లో) చేశాను. నడుమ రంధ్రం చుట్టూ ఎంత వదలాలి? నాన్న ముఖం కోతకు పోకూడదు.

ఈ పని చేయించినవాళ్లు దయచేసి చెప్పండి. హైదరాబాద్ దాకా రాగలను.