‘ఓర్వలేకపోవడం’: ఒకే క్రియ, రెండు బాధలు

హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక సభ్యుడు నిన్న ఈ సమూహంలో అడిగిన ప్రశ్నకు నాకు తోచిన వివరణ రాస్తున్నాను. ఒకే గదిలో ఉండి, ఒకే పుస్తకాలు పంచుకుని చదివిన స్నేహితుడి హాల్‌టికెట్ నంబరు గ్రూప్-2 ఎంపిక జాబితాలో ఉంది, ఈయనది లేదు. మనస్ఫూర్తిగానే అభినందనలు చెప్పి గదికి తిరిగి వచ్చాక ఊపిరాడనట్టు అయిందనీ, ఆ స్నేహితుడి మీద తనకు ద్వేషం లేదనీ, అయినా అతని ఫోన్ ఎత్తలేకపోతున్నాననీ రాసి, దీన్ని అసూయ అనాలా, ఈర్ష్య అనాలా, తెలుగులో వేరే మాట ఏదైనా ఉందా అని అడిగారు.

ముందుగా నిఘంటువు సంగతి చూద్దాం. మనం అసూయ, ఈర్ష్య, మాత్సర్యం అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నాం గానీ అమరకోశం అనే సంస్కృత నిఘంటువు వాటిని విడదీసింది. ‘అక్షాంతిరీర్ష్యాసూయా తు దోషారోపో గుణేష్వపి’ అన్న పాదం ప్రకారం ఈర్ష్య అంటే అక్షాంతి, అసూయ అంటే ఎదుటివారి గుణాలలో సైతం దోషాన్ని ఆరోపించడం. మత్సరానికి ‘అన్యశుభద్వేషం’, అంటే ఇతరులకు కలిగిన శుభాన్ని ద్వేషించడం అని ఆ కోశమే మరోచోట అర్థం చెప్పింది. క్షాంతి అంటే ఓర్పు కనుక అక్షాంతికి సరిసమానమైన తెలుగు మాట ఓర్వలేమి, వాడుకలో ఓర్వలేనితనం. ప్రశ్న అడిగిన సభ్యుడు తన స్నేహితుడిలో ఏ దోషమూ వెతకలేదు, అతనికి కలిగిన శుభాన్ని ద్వేషించనూ లేదు. కాబట్టి అసూయ, మాత్సర్యం అనే పెద్ద నేరాలను ఆయన తన మీద మోపుకోనవసరం లేదని నా అభిప్రాయం. ఆయన స్థితికి సరిపోయే మాట ఓర్వలేకపోవడమే.

ఈ మాటను ఇంకొంచెం దగ్గరగా చూడాలి. ‘ఓర్చు’ అనే క్రియకు తుమున్నర్థక రూపం, అంటే ‘చేయలేను’లో ‘చేయ’ లాంటి రూపం, ‘ఓర్వ’. దానికి ‘లేను’ చేరితే ‘ఓర్వలేను’ అవుతుంది. అదే క్రియకు ‘కొను’ చేర్చి ‘ఓర్చుకోలేను’ అని కూడా అంటాం. నేటి వాడుకలో ఈ రెండు రూపాలూ పనులు పంచుకున్నాయి. పంటినొప్పిని ఓర్చుకోలేము, ఎండను ఓర్చుకోలేము, పడిన మాటను ఓర్చుకోలేము. పక్కవాడి బాగును మాత్రం ఓర్వలేము. ‘ఓర్చుకోలేము’ అని విన్నవారికి జాలి కలుగుతుంది, ‘ఓర్వలేము’ అని విన్నవారికి ఏవగింపు కలుగుతుంది. అయితే గ్రాంథికంలో ‘ఓర్వరాని దుఃఖం’ అన్న ప్రయోగం ఉన్నదని మరచిపోకూడదు. అంటే తన బాధను మోయలేకపోవడానికీ, ఎదుటివారి మేలును చూడలేకపోవడానికీ మన భాష ఒకే క్రియను వాడింది. రెండింటిలోనూ ఉన్నది మోయగల శక్తి ఆ క్షణానికి చాలకపోవడమే. ఆ సభ్యుడు ఊపిరాడకపోవడాన్నీ, స్నేహితుడి విజయం కలిగించిన గుచ్చుకోవడాన్నీ రెండు వేర్వేరు జబ్బులుగా రాశారు గానీ, ఈ క్రియ వాటిని ఒక్కటిగా చూపిస్తున్నది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది పురుష భేదం. ‘వాడు ఓర్వలేడు’, ‘వాళ్ళకు ఓర్వలేనితనం’ అని ప్రథమ పురుషలో వాడతాం, కోపం వస్తే ‘నువ్వు ఓర్వలేవు’ అని మధ్యమ పురుషలోనూ అంటాం. ‘నీ విజయాన్ని నేను ఓర్వలేకపోతున్నాను’ అని ఉత్తమ పురుషలో అన్నవారిని నేను వినలేదు. ఏడుపు అన్న మాటదీ ఇదే గతి: ‘నన్ను చూసి ఏడవకురా’ అని ఆటోల వెనుకా లారీల వెనుకా రాయించుకుంటారు గానీ, ‘నిన్ను చూసి ఏడుస్తున్నాను’ అని ఎవరూ ఒప్పుకోరు. ఎప్పుడూ ఇతరుల మీదికి విసిరే మాట కావడం వల్ల, ఆ బాధ నిజంగా తనకు కలిగిన రోజున మనిషికి చెప్పుకోవడానికి మాట మిగలడం లేదు.

మాట దొరకనప్పుడే అక్షాంతి అసూయగా మారుతుందని నేను అనుకుంటున్నాను. ఓర్వలేని మనసు తన బరువు దించుకోవడానికి ఎదుటివారి గుణాలలో దోషం వెతుకుతుంది: అతనికి ఇంట్లో డబ్బుంది, అతనికి తెలిసినవాళ్ళున్నారు, ఆ ప్రశ్నపత్రం అతనికి కలిసివచ్చింది. ఈ వాక్యాలు నోటికి వచ్చేలోపు ‘నేను ఓర్వలేకపోతున్నాను’ అని నమ్మకమైన ఒక మనిషితోనైనా అనగలిగితే, బాధ ఉంటుంది గానీ స్నేహితుడు దోషి కాకుండా మిగులుతాడు. ఆ తర్వాత, ఓర్వలేకపోతున్నది దేన్ని అని కూడా తనను తాను అడగవచ్చు. చాలాసార్లు అది స్నేహితుడి ఉద్యోగం అయి ఉండదు. దాటిపోతున్న వయోపరిమితి, ఇంటినుంచి ఇంకా డబ్బు తెప్పించుకోవలసి రావడం, ఈసారి అమ్మానాన్నలకు ఏమని చెప్పాలన్న భయం అయి ఉంటుంది.

‘ఓర్వలేక’ ముందు ‘చూసి’ అన్న మాట దాదాపు విడవకుండా వస్తుంది. మహాభారత సభాపర్వంలో దుర్యోధనుడి కథ దీనికి గొప్ప ఉదాహరణ. రాజసూయంలో రాజులు తెచ్చిన కానుకలను స్వీకరించే పనిని ధర్మరాజు ఆయనకే అప్పగించాడు. ఆ ధనాన్ని అందుకుని అందుకుని తన చేయి చాలలేదని, తాను అలసిపోతే తెచ్చినవారు వేచి నిలబడ్డారని ఆయనే తండ్రికి చెప్పుకున్నాడు. ఎదుటివారి సంపదను అంత దగ్గరగా చూసినవాడు మరొకడు లేడు. మంచి బట్టలు కట్టి, మంచి భోజనం చేస్తూ కూడా ఎందుకు పాలిపోయి చిక్కిపోయావని ధృతరాష్ట్రుడు అడిగాడు. దుర్యోధనుడిలో పాత పగ ఉంది కనుక మన సభ్యుడితో పోలిక కొంతవరకే. కానీ చూపుకూ ఓర్వలేమికీ ఉన్న సంబంధం మాత్రం ఒక్కటే. కాబట్టి కొన్నాళ్ళు ఆ స్నేహితుడి ఫోటోలూ అభినందన సందేశాలూ చూడకుండా ఉండటం స్నేహద్రోహమేమీ కాదు. ‘నాకు కొంచెం సమయం కావాలి, నేనే ఫోన్ చేస్తాను’ అన్న ఒక్క సందేశం పంపితే చాలు, అవతలివారు తప్పుగా అనుకోకుండా ఉంటారు.

దుర్యోధనుడు శకునితో తాను ఇక బతకలేనని కూడా అన్నాడు. ఇది చదువుతున్న ఎవరికైనా మనసులో అటువంటి మాట కదిలితే భాషాచర్చ దగ్గర ఆగవద్దు. ఇంట్లోవారికో గదిలోవారికో వెంటనే చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

నిన్న ఇద్దరు సభ్యులు ‘తన కోపమె తన శత్రువు’ అన్న సుమతీ శతక పద్యాన్ని జవాబుగా పెట్టారు. ‘తన సంతోషమె స్వర్గము, తన దుఃఖమె నరకమండ్రు’ అన్న మాట సత్యమే, ఆ పద్యం మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. కానీ దుఃఖంలో ఉన్నవాడికి ఎదుటివాడు చదివి వినిపిస్తే అది తీర్పులా తగులుతుంది. పద్యం పొడవునా ‘తన’ అనే ఉంది; అది మనిషి తనకు తాను చదువుకోవలసిన పద్యమని నేను భావిస్తాను.

ఒక్క విషయంలో మాత్రం సభ్యుల సాయం కావాలి. రాయలసీమలో గానీ, ఉత్తరాంధ్రలో గానీ, తెలంగాణ పల్లెలలో గానీ మీ ఇంటి పెద్దలు ఈ క్రియను ఎదుటివారి మేలు విషయంలో ‘నేను ఓర్వలేకపోయాను’ అని తమ గురించి తామే వాడగా విన్నవారుంటే, ఆ వాక్యాన్ని వారి యాసలోనే, సందర్భంతో సహా ఇక్కడ రాయండి.