కుక్కపిల్ల శిక్షణకు తాయిలాలు: తక్కువ ఖర్చులో ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

ప్రశ్న (హనుమకొండ)

నమస్కారం. వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర దొరికిన వీధికుక్క పిల్లను పెంచుకుంటున్నాను. పేరు మల్లి, ఇప్పుడు నాలుగు నెలలు. పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం నేర్పుతున్నాను. 180 రూపాయలు పెట్టి కొన్న తాయిలాల ప్యాకెట్ నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇంట్లో మిషన్ కుట్టి బతికేదాన్ని, నెలంతా అలా కొనలేను. టీ బిస్కెట్లు పెట్టి చూశాను. ఇంట్లో తింటుంది కానీ వీధిలో మేకలు కనబడితే బిస్కెట్ వైపు కన్నెత్తి చూడదు. పైగా రెండు రోజులు విరేచనాలు. మా ఇంట్లో గ్యాసు పొయ్యి, పెనం తప్ప ఓవెన్ లేదు. ఏమి చేయమంటారు?

జవాబు (కాజీపేట)

అమ్మా, బిస్కెట్లు మానేయండి. మైదా, చక్కెర తప్ప వాటిలో ఏమీ లేదు. కోడి కార్జం తెచ్చుకోండి, చికెన్ దుకాణంలో లివర్ అని అడిగితే ఇస్తారు. మాంసం కన్నా బాగా చవక. పావుకిలో కడిగి, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ఏదీ వేయకుండా ఉడికించండి. ముక్క విరిచి చూస్తే లోపల ఎరుపు కనబడకూడదు. ఆ నీళ్లు పారబోయకండి.

చల్లారాక బఠాణీ గింజంత ముక్కలు కోయండి. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు. పెద్ద ముక్క పెడితే పిల్ల నమలడంలో పడి, మీరు చెప్పింది మరిచిపోతుంది. ముక్కలను పెనం మీద సన్నని మంటపై అరగంట సేపు అట్లకాడతో కదుపుతూ ఉంచండి. పైతడి ఆరి, వేలితో నొక్కినా అంటకపోతే అయినట్టే.

దాచిన నీళ్లను మరిగించి, రెండు గుప్పెళ్ల జొన్నపిండిలో పోసి కలపండి. రొట్టె కాస్త మందంగా తట్టి, రెండువైపులా కాల్చి, కత్తెరతో గళ్లుగా కత్తిరించండి. బట్టల కత్తెర మాత్రం వాడవద్దు. ఇంట్లో జొన్నముక్క చాలు. కార్జం వీధికి దాచండి, మేకలతో పోటీపడాల్సింది అక్కడే కదా.

మిగిలిన గుడ్డతో నడుముకు కట్టుకునే చిన్న సంచి కుట్టుకోండి. మల్లి కూర్చున్న మరుక్షణమే ముక్క నోటికి అందాలి. మీరు వెతుక్కునేలోగా అది లేచి నిలబడితే, లేచినందుకు ఇచ్చినట్టు అవుతుంది.

రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు మా కుక్క ఒకసారి పట్టాల వైపు పరుగెత్తింది. పేరు పెట్టి పిలిస్తే ఆగి వెనక్కి వచ్చింది. ఆ పిలుపు దానికి కార్జం ముక్కలతోనే నేర్పాను. అందుకే ఇంత చెబుతున్నాను.

జవాబు (ములుగు రోడ్డు)

మా ఇంట్లో మాంసం వండరు. శివరాత్రికి తెచ్చుకునే మోరంగడ్డలే (చిలగడదుంపలే) మా కుక్కకు తాయిలం. ఉడికించి, తొక్క తీసి, పలుచగా కోసి, వడియాల్లాగా గుడ్డ కప్పి ఎండబెడతాను. ఎండ గట్టిగా ఉంటే రెండు రోజుల్లో సాగే ముక్కలవుతాయి.

జవాబు (నర్సంపేట)

పశువైద్యశాలలో చాలా ఏళ్లు పనిచేశాను, రెండు జాగ్రత్తలు చెబుతాను. కార్జంలో విటమిన్ ఏ ఎక్కువ, అందుకే రోజూ గుప్పెడు పెట్టకూడదు. తాయిలాలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకుండా చూసుకోండి, ఆ మేరకు అన్నం తగ్గించండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ఉడికించిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. మూడు రోజులకు సరిపడా ముక్కలు ఫ్రిజ్‌లో ఉంచి, మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టండి. విరేచనాలు బిస్కెట్ వల్లనే అనుకోకండి. నట్టల మందు (కడుపులో పురుగులకు వేసేది), పార్వో టీకా (కుక్కపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే విరేచనాల జబ్బు రాకుండా వేసేది) వేయించారా? లేకపోతే ముందు ఆ పని చూడండి.

ప్రశ్న అడిగినవారు (హనుమకొండ)

అందరికీ కృతజ్ఞతలు. నట్టల మందు వేయించాను, టీకా రెండో మోతాదు మిగిలి ఉంది. పావుకిలో కార్జం 40 రూపాయలకు వచ్చింది, కోసి లెక్కపెడితే 210 ముక్కలు. జాకెట్ గుడ్డ మిగిలితే సంచి కుట్టుకున్నాను. కాజీపేట అన్నగారూ, నిన్న సాయంత్రం మా వీధిలో మేకల మంద ఎదురైంది. మల్లి చెవులు నిక్కబొడిచి రెండడుగులు వేసింది. పిలిచాను. ఒకసారి మేకలను, ఒకసారి నన్ను చూసి, వచ్చి నా చెప్పుల మీద కూర్చుంది. ఒకటి కాదు, మూడు ముక్కలు పెట్టాను.