కిడ్నీ మార్పిడి: టాక్రోలిమస్ బదులు అందరికీ బెలాటసెప్ట్ ఎందుకు ఇవ్వరు?

మూడోకిడ్నీ:
మార్పిడి జరిగి ఆరేళ్లయింది. (పాత రెండూ తియ్యలేదు, లోపలే ఉన్నాయి. ఈ పేరు అందుకే.) ఒళ్లు కొత్త కిడ్నీని తోసిపుచ్చకుండా పన్నెండు గంటలకోసారి టాక్రోలిమస్ వేసుకుంటున్నాను. చెయ్యి వణికి నా సంతకం నాకే కొత్తగా కనిపిస్తోంది. అది పోనీండి. కొత్త కిడ్నీని కాపాడే మందే ఏళ్ల తరబడి దాన్ని దెబ్బతీస్తుందట! 2011లో అమెరికాలో అనుమతి వచ్చిన బెలాటసెప్ట్‌కి ఆ బెడద లేదంటున్నారు. మరి అదే ఇవ్వొచ్చు కదా?

ల్యాబ్‌పురుగు:
ఇవ్వాలనే నేనంటాను. కొత్త కిడ్నీ మీద దాడి చేసేది టి కణం, అంటే ఒక రకం తెల్ల రక్తకణం. అది ఊరికే రెచ్చిపోదు. ఇంకో కణం వచ్చి పరాయి ముక్కను చూపించాలి, ఆ పైన సీడీ80, సీడీ86 అనే అణువులతో దీని సీడీ28ని తట్టాలి. ఆ తట్టడం లేకపోతే చాలా టి కణాలు చల్లబడిపోతాయి. టాక్రోలిమస్ అలా కాదు, కణం లోపలికి దూరి కాల్సిన్యూరిన్‌ని ఆపుతుంది. ఆ ఎంజైమ్ కిడ్నీలోనూ ఉంది, మెదడులోనూ ఉంది. బెలాటసెప్ట్ బయటే ఉండి 80, 86లకు అతుక్కుంటుంది. దీన్ని సైక్లోస్పోరిన్‌తో (టాక్రోలిమస్ లాగే పనిచేసే పాత మందు) పోల్చిన బెనిఫిట్ ట్రయల్ ఏడేళ్ల ఫలితాలు 2016లో వచ్చాయి. చనిపోవడం లేదా కిడ్నీ పోవడం అనే రిస్క్ సైక్లోస్పోరిన్ వాడినవాళ్లకంటే 43 శాతం తక్కువ. ఇంకేం కావాలండీ?

రాత్రిడ్యూటీ:
చెప్తాను. పోల్చింది సైక్లోస్పోరిన్‌తో, ఇప్పుడు ఎక్కువమంది వేసుకునేది టాక్రోలిమస్. పైగా అదే ట్రయల్‌లో మొదటి ఏడాది రిజెక్షన్లు (ఒళ్లు కొత్త కిడ్నీని తోసిపుచ్చడం) సైక్లోస్పోరిన్ వైపు 7 శాతం, బెలాటసెప్ట్ వైపు డోసును బట్టి 17, 22. ఇదివరకే ఒకసారి రెచ్చి, ఆ జ్ఞాపకం ఉంచుకున్న టి కణాలకు సీడీ28 తట్టు పెద్దగా అక్కర్లేదు, అవి తమ దారిన పోతాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ముందు సోకనివాళ్లకు ఈ మందు అసలు ఇవ్వకూడదు, లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) లాంటి జబ్బు భయం ఉంది.

ల్యాబ్‌పురుగు:
రిజెక్షన్లు ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా ఏడేళ్లకి కిడ్నీ వడపోత రేటు (నిమిషానికి మి.లీ.లలో) బెలాటసెప్ట్ వాళ్లకి 70 పైన, సైక్లోస్పోరిన్ వాళ్లకి 45. ఇది లెక్కలోకి రాదా? సీడీ28 చాలకపోతే, టి కణాల్ని రెచ్చగొట్టే ఇంకో దారి, సీడీ40, దానికి అతుక్కునే అణువు, ఈ జంటను ఆపుదాం.

రాత్రిడ్యూటీ:
ఆపి చూశారుగా! సీడీ40 లైగాండ్ (సీడీ40కి అతుక్కునే ఆ జంట అణువు) మీద తెచ్చిన తొలి యాంటీబాడీ మందులతో రక్తం గడ్డలు కట్టింది. ఆ అణువు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల మీదా ఉంటుంది మరి. ఇప్పుడు యాంటీబాడీ తోక మార్చి మళ్లీ పరీక్షిస్తున్నారు, బాగుంటే నేనే ముందు ఒప్పుకుంటాను. ఇంకోటి: రెగ్యులేటరీ టి కణాలు మిగతావాటిని అదుపు చేసేదీ ఆ 80, 86ల ద్వారానే. దొంగకీ కాపలావాడికీ ఒకటే తలుపు, మీరు దానికి తాళం వేస్తున్నారు.

మూడోకిడ్నీ:
మరి నాలాంటివాళ్లు మధ్యలో మారొచ్చా?

రాత్రిడ్యూటీ:
నిలకడగా ఉన్నవాళ్లను మార్చి చూసిన ట్రయల్ ఉంది. వడపోత మెరుగైంది, రిజెక్షన్లు కొంచెం పెరిగాయి. నెలకోసారి సెలైన్‌లా ఎక్కించుకోవాలి, మిగతా మాత్రలు మాత్రం మానేదిలేదు. మీ ఫైల్లో ఆ వైరస్ రిపోర్టు ఏముందో ముందు చూడండి.

మూడోకిడ్నీ:
దొరికింది. సర్జరీకి ముందు తీసిందే, పాజిటివ్. వచ్చే చెకప్‌కి ఈ కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాను.