కైంకర్యం అంటే సేవా, మింగుడా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో చిన్న గొడవైంది, దాని గురించే ఈ పోస్టు, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి. వినాయక చవితి చందాల్లో నాలుగు వేల చిల్లర మిగిలింది. మూడో ఫ్లోర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, వైష్ణవులు, చాలా పద్ధతైన మనిషి, ఆయన 'మిగిలిన సొమ్ము సింహాద్రి అప్పన్న కైంకర్యానికి ఇచ్చేద్దాం' అని మెసేజ్ పెట్టారు. పది నిమిషాల్లో కింద ఫ్లోర్ కుర్రాడు 'ఏటి సార్, కైంకర్యం చేసేస్తామని ఓపెన్‌గానే చెప్పేస్తన్నారు' అని పళ్ళికిలించే బొమ్మలు నాలుగు కలిపి పెట్టాడు. పెద్దాయన గ్రూపులోంచి లెఫ్ట్. బతిమాలి మళ్ళీ యాడ్ చేసేసరికి రెండ్రోజులు పట్టింది.

తమాషా ఏంటంటే కుర్రాడు వెటకారంగా అనలేదట, వాడికి నిజంగానే ఆ మాటకి రెండో అర్థం ఒక్కటే తెలుసు. పేపర్లో భూములు కైంకర్యం, నిధులు కైంకర్యం, ఇవే కదా వాడు పుట్టినప్పట్నుంచీ చూసింది. అసలు మాట కింకరుడు, అంటే 'ఏం చెయ్యమంటారు' అని చేతులు కట్టుకుని నిలబడేవాడు, వాడు చేసే పని కైంకర్యం. గుళ్ళో పూలు కట్టినా కైంకర్యమే, దీపం పెట్టినా కైంకర్యమే, తిరుమలలో అర్చకుల్ని కైంకర్యపరులనే అంటారు. ఆ లెక్కన 'స్వామి కైంకర్యాలకిచ్చిన భూములు కైంకర్యం' అని ఎవరైనా హెడ్డింగ్ పెడితే తెలుగువాడికి చక్కగా అర్థమైపోతుంది, ఎక్కడా తడబడడు. ఎందుకు తడబడడు అనేదే నా ప్రశ్న.

నాకు తోచింది చెప్తాను. తేడా అంతా విభక్తిలో ఉంది. 'స్వామికి కైంకర్యం చేశాడు' అంటే సేవ. 'సొమ్ము కైంకర్యం చేశాడు' అంటే మింగేశాడు. 'కి' ఉంటే భక్తి, 'కి' పోయి కర్మపదం వచ్చి కూర్చుంటే కేసు. శఠగోపం కూడా ఇంచుమించు ఇంతే. సింహాచలంలో దర్శనమయ్యాక తల వంచితే పూజారిగారు నెత్తిమీద ఆనించి తీస్తారు చూడండి, చల్లగా తగుల్తుంది, దానిమీద స్వామి పాదాలుంటాయి. దాన్ని మనం 'పెట్టించుకుంటాం'. బయట మాత్రం వేరేవాడు మనకి 'పెడతాడు'. మనం అడిగి పెట్టించుకుంటే ఆశీర్వచనం, అడక్కుండా వాడే పెడితే చీటీ డబ్బులు పోయినట్టు.

— అన్నయ్యా శఠ అంటేనే సంస్కృతంలో మోసగాడు కదా, శఠగోపానికి మోసం అర్థం అక్కణ్ణుంచే వచ్చుండదా?

— అమ్మా, శఠ అంటే మోసగాడే, కాదన్ను. కానీ శఠకోపుడు అంటే నమ్మాళ్వారు, వైష్ణవ భక్తకవి, ఆయన్ని స్వామి పాదాలుగా భావిస్తారు కాబట్టి పాదాలున్న ఆ కిరీటానికి ఆయన పేరొచ్చింది. మామూలు జనం ఎవరూ శఠ అనే మాటని విరిచి అర్థం చూసుకుని తిట్టుకోరు. నా అనుమానం వేరే, నెత్తిమీదా నుదుటిమీదా పెట్టేవన్నీ తెలుగులో మోసమే. టోపీ పెట్టాడు, నామం పెట్టాడు, పంగనామాలు పెట్టాడు, నెత్తిన చెయ్యి పెట్టాడు, ఆఖరికి చెవిలో పువ్వు పెట్టాడు. ఇన్నిటి మధ్యలో శఠగోపం ఒక్కటీ పవిత్రంగా ఎలా మిగుల్తుంది చెప్పు.

— మరి అక్షింతలు? అవీ నెత్తిమీదే పడతాయి, మోసం కాదే.

— నన్ను పట్టేశారు. అవి తిట్లు. అక్షతలు అంటే విరగని బియ్యం, పెళ్ళిలో పెద్దలు వేస్తే దీవెన, ఆఫీసులో పెద్దలు వేస్తే చీవాట్లు. పైన 'పెట్టించుకోవడం' రూలు కూడా ఇక్కడ పన్చెయ్యదు, 'మేనేజర్ దగ్గర అక్షింతలు వేయించుకొచ్చాడు' అంటాం కదా, వాడేం కావాలని వేయించుకోలేదు. నా సిద్ధాంతానికి ఇక్కడితో మంగళం. (మంగళం కూడా చూడండి, హరికథ ఆఖర్న పాడే పాట కాబట్టి ఏ పని ఆగిపోయినా మంగళం పాడేశారంటాం.)

— ప్రదక్షిణలు మర్చిపోయారు మాస్టారూ. అప్పన్న గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సాయంత్రం తొలిపావంచా (కొండ కింద తొలి మెట్టు) దగ్గర బయల్దేరితే తెల్లారేసరికి అయిపోద్ది. నేను ఒక కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ అయిదు నెలలుగా చేస్తన్నాను, ఇంకా దర్శనం అవలేదు.

— హహ, మీకు ముడుపు కట్టడం గుర్తు రాలేదేమో. పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి దగ్గర పెట్టేది ముడుపు, ఆఫీసులో టేబుల్ కింద ఇచ్చేదీ ముడుపులే, బహువచనంలో వచ్చిందంటే మాత్రం దేవుడికి కాదని గ్యారంటీ.

— నాదో డౌటు. స్వాహా కూడా మింగడమే కదా, హోమంలో వేసింది తిరిగిరాదు కాబట్టేనా?

— అందరూ అదే చెప్తారు గానీ నాకు భోజనం దగ్గర్నుంచి వచ్చిందేమో అనిపిస్తుంది. మా తాతగారు అన్నం చుట్టూ నీళ్ళు తిప్పి, కాసిని అరచేతిలో పోసుకుని 'అమృతోపస్తరణమసి' అని తాగి, 'ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా' అంటూ అయిదు సార్లు వేళ్ళతో నాలుగేసి మెతుకులు తీసుకుని పంటికి తగలకుండా గుటుక్కున మింగేసేవారు. పంటికి తగలకుండా మింగడం, ఇంతకంటే బాగా నిధుల స్వాహాని ఎవరు చూపిస్తారు? పాపం ఆయన జీవితంలో అర్ధణా స్వాహా చేసిన మనిషి కాదు. విచిత్రం ఏంటంటే అదే విస్తరి ముందు తాగిన ఆ నీళ్ళు ఆపోశనం, అదీ మింగడమే, దానికి మాత్రం మంచి పేరొచ్చింది. 'వ్యాకరణం ఆపోశన పట్టాడు' అంటే పొగడ్త. అగస్త్యుడు సముద్రం తాగేసిన కథ పుణ్యం అయ్యుంటుంది.

— ఔపోసన కదండీ?

— వాడుకలో ఔపోసన అయిపోయింది, నేనూ నోటితో అలాగే అంటాను. రాసేటప్పుడు ఆపోశన అని రాస్తే మంచిది, ఎందుకంటే ఔపాసన అని ఇంకోటుంది, ఇంట్లో అగ్నికి పొద్దున్నా సాయంత్రం చేసేది, దాన్ని మింగితే నోరు కాల్తుంది.

— ఇంతకీ ఆ నాలుగు వేలు ఏమయ్యాయి?

— కొండమీద అన్నదానానికి కట్టాం. పెద్దాయన రసీదు ఫొటో తీసి గ్రూపులో పెట్టారు, కింద 'సేవకు' అని రాశారు, కైంకర్యం అన్న మాట వాడలేదు.