సైదాపురం దగ్గర దొరికిన ఈ పాత ఇనుప కత్తెర ఎవరి తయారీ, ఏ పనికి వాడేవారు?

నెల్లూరు జిల్లా సైదాపురం మండలంలో, మూతబడిన అభ్రకం గనికి దగ్గరలో ఉన్న మా పాత కొట్టంలో బరువైన ఇనుప కత్తెర ఒకటి దొరికింది. మొత్తం పొడవు 31 సెంటీమీటర్లు, అందులో కోసే భాగం 10 సెంటీమీటర్లు మాత్రమే. ఒక పిడి చేతికి పట్టేలా వంపు తిరిగి ఉండగా, రెండోది తిన్నగా సాగి, చివర బల్లపరుపుగా మారి, మేకులు దిగేందుకు వీలుగా రెండు రంధ్రాలతో ముగుస్తుంది కాబట్టి, దీన్ని దిమ్మకో పీటకో బిగించి వాడేవారని నా అభిప్రాయం.

అక్షరాలు చెరిగిపోతాయన్న భయంతో గరుకు కాగితం జోలికి పోకుండా, కిరసనాయిలులో నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో తుప్పు తీశాను. కీలు పక్కన ఇంగ్లీషులో ‘కాస్ట్ స్టీల్’ అన్న ముద్ర స్పష్టంగా బయటపడింది. పై వరుసలోని తయారీదారు పేరు మాత్రం, సుద్దపొడి రుద్ది, టార్చి వెలుగు ఏటవాలుగా వేసి చూసినా, చివరి ‘అండ్ సన్స్’ తప్ప చదవడానికి రాలేదు. ఫోటో పెట్టి ఇంటర్నెట్‌లో వెతికితే లోహపు రేకులు కోసే కత్తెరలే వస్తున్నాయి, కానీ లోహపు రేకు కోస్తే పడే నొక్కులు ఈ అంచుల మీద ఒక్కటీ లేవు. కీలు సందులో అభ్రకం పొరలు మెరుస్తున్నాయి గానీ, ఆ నేలలో ఏ వస్తువు తీసినా మెరుస్తుంది కనుక దాన్ని రుజువుగా తీసుకోలేను.

నెల్లూరు అభ్రకం రేకుల అంచులను కత్తెరతోనే సరిచేసేవారు కాబట్టి, ఆ పని జరిగిన షెడ్లలో పనిచేసినవారు, పాత పనిముట్లు సేకరించేవారు దయచేసి చెప్పండి: ఇది అభ్రకం కత్తెరే అయితే, ‘అండ్ సన్స్’తో ముగిసే ఏ కంపెనీ తయారుచేసినది?